ఒక్కో దేశంలో సైరన్ ఒక్కోలా ఎందుకు మోగుతుంది

జపాన్‌లో అంబులెన్స్ పీ-పో పీ-పో అంటూ పోతుంది. జర్మనీలో ఫైరింజన్ రెండే రెండు స్వరాల్ని మార్చి మార్చి ఊదుకుంటూ వెళ్తుంది, అక్కడి పిల్లలు దాన్ని తాతూ-తాతా అంటారు. అమెరికాలో అయితే ఊఊఊ అని పైకి లేచి మళ్ళీ కిందకి జారే ఏడుపు లాంటి సౌండ్, జంక్షన్ దగ్గరికి రాగానే డ్రైవర్ బటన్ మారుస్తాడు, అదే ఏడుపు కుయ్ కుయ్ కుయ్‌మని తొందరపడుతుంది. పని మాత్రం అన్నిచోట్లా ఒకటే, పక్కకి జరిగి దారి ఇవ్వండి అని చెప్పడం. వినే చెవి కూడా ఒకటే, టోక్యోలో మనిషి చెవికీ బెర్లిన్‌లో మనిషి చెవికీ తేడా ఏమీ లేదు. మరి ఒకే పనికి, ఒకే చెవికి ఇన్ని రకాల సౌండ్లు ఎలా వచ్చాయి?

దీనికి చాలామంది టక్కున చెప్పే ఆన్సర్ "ఆ దేశం కల్చర్ అండీ" అని. అలా అంటే ప్రశ్నకి ఇంకో పేరు పెట్టినట్టే, ఏం తెలిసినట్టు కాదు. కొంచెం తవ్వితే గట్టి కారణాలే దొరుకుతాయి: మొదట్లో ఆ దేశం చేతికి ఏ మెషీన్ దొరికింది, అప్పటికే అక్కడ ఏ సౌండ్‌కి ఏ అర్థం ఉంది, తర్వాత చట్టం ఎంత వివరంగా రాశారు. ఈ మూడూ ఒకదాంట్లో ఒకటి చిక్కుపడిపోయి ఉంటాయి, అందుకే బయట నుంచి చూస్తే అంతా ఇష్టమొచ్చినట్టు పెట్టుకున్నట్టు కనిపిస్తుంది.

ముందు మెషీన్ సంగతి చూద్దాం. సైరన్ పుట్టింది ఎమర్జెన్సీ కోసం కాదు, ల్యాబ్ కోసం. 1819లో ఫ్రాన్స్‌లో చార్లెస్ కాన్యార్ ద లా తూర్ అనే ఆయన చేసిన పరికరం అది. చుట్టూ వరసగా చిల్లులున్న ఒక పళ్ళెం గిర్రున తిరుగుతుంటుంది, కింద నుంచి వచ్చే గాలి ఆ చిల్లుల్లోంచి తెగి తెగి బయటికొస్తుంది, సెకనుకి ఎన్నిసార్లు తెగితే సౌండ్ ఫ్రీక్వెన్సీ అంత. పళ్ళానికి 20 చిల్లులుండి అది సెకనుకి 30 చుట్లు తిరిగితే 600 హెర్ట్జ్ అన్నమాట. చిల్లులూ చుట్లూ లెక్క తెలుసు కాబట్టి ఏ స్వరం ఎన్ని హెర్ట్జో దీనితో తేల్చేయొచ్చు, అప్పట్లో సైంటిస్టులకి అది పెద్ద విషయం.

ఇదే సూత్రంతో బరువైన రోటార్ (తిరిగే చక్రం) ఒకటి చేసి, దాన్ని కరెంటు మోటార్‌కి తగిలించి, ఫైరింజన్ ముందు బిగించారనుకోండి. స్విచ్ నొక్కగానే రోటార్ ఒక్కసారిగా ఫుల్ స్పీడ్ అందుకోలేదు, మెల్లగా పుంజుకుంటుంది, దాంతోపాటే స్వరం కూడా కింద నుంచి పైకి పాకుతుంది. స్విచ్ వదిలేస్తే వెంటనే ఆగదు, అంత బరువున్నది కాబట్టి తిరుగుతూ తిరుగుతూ నెమ్మదిస్తుంది, స్వరం కూడా కిందకి జారుతుంది. అమెరికా సైరన్ అనగానే గుర్తొచ్చే ఆ ఎక్కి దిగే ఏడుపు అక్కడ నుంచి వచ్చింది. దాన్ని ఎవరూ కూర్చుని ట్యూన్ కట్టలేదు, ఒక ఇనప రోటార్ స్పీడందుకోడానికీ ఆగడానికీ పట్టే టైమే మనకి అలా వినిపిస్తోంది. ఫెడరల్ సిగ్నల్ కంపెనీ వాళ్ళ క్యూ-టూ-బీ అనే మెకానికల్ సైరన్‌ని అమెరికాలో ఇప్పటికీ చాలా ఫైరింజన్ల ముందు బంపర్ మీద చూడొచ్చు, మెరిసిపోతూ, గుండ్రంగా, పెద్ద సైజులో.

జర్మనీ వేరే దారిలో వెళ్ళింది. అక్కడ మాక్స్ మార్టిన్ కంపెనీ 1932 ప్రాంతంలో పోలీసులతో, ఫైర్ వాళ్ళతో కలిసి తయారుచేసింది తిరిగే పళ్ళెం కాదు, గాలి కొట్టి ఊదే హారన్. హారన్‌కి ఉన్న లక్షణం ఏంటంటే దాని గొట్టం పొడవు ఎంతో దాన్నిబట్టి ఒక స్వరమే పలుకుతుంది, రోటార్‌లాగా జారడం దానివల్ల కాదు. మామూలు బండి హారన్ కూడా ఒక స్వరమే కాబట్టి ఎమర్జెన్సీ బండికి తేడా తెలియాలంటే ఇంకో స్వరం కావాలి, అందుకని రెండు గొట్టాలు పెట్టి, కంప్రెసర్ గాలిని ఒకసారి దీంట్లోకీ ఒకసారి దాంట్లోకీ పంపించారు. రెండు స్వరాల సైరన్ అలా తయారైంది. కంపెనీ పేరు మీదే జర్మన్లు దాన్ని ఈరోజుకీ మార్టిన్స్‌హార్న్ అంటారు.

ఇంగ్లండ్‌లో చాలాకాలం ఈ రెండూ లేవు, గంట ఉండేది. పోలీసు కారుకీ, అంబులెన్స్‌కీ, ఫైరింజన్‌కీ ముందు మెరిసే గంట. 1960ల్లో ఆ గంటల స్థానంలో జర్మనీ తరహా రెండు స్వరాల హారన్లు వచ్చాయి, తర్వాత దశాబ్దాల్లో అవి కూడా పోయి అమెరికా తరహా ఎలక్ట్రానిక్ సైరన్లు వచ్చాయి. గంట కొట్టుకుంటూ తిరిగిన దేశం ఒకే మనిషి జీవితకాలంలో మూడు రకాల సౌండ్లు మార్చిందన్నమాట. బ్రిటన్ పిల్లలు మాత్రం ఇప్పటికీ ఆట అంబులెన్స్ తోలుతూ నీ-నా నీ-నా అనే అంటారు, ఆ సౌండ్ చేసే బండి వాళ్ళు రోడ్డు మీద దాదాపు చూసి ఉండరు.

ఇక్కడ ఒక డౌట్ రావాలి. ఇప్పుడు రోటార్లూ గొట్టాలూ చాలావరకు పోయాయి, అంతా స్పీకరూ ఆంప్లిఫయరూ చిప్పూ, ఏ సౌండ్ కావాలంటే అది వాయించొచ్చు. అలాంటప్పుడు అన్ని దేశాలూ ఒకే సౌండ్‌కి వచ్చేయాలి కదా, ఎందుకు రాలేదు? ఎలక్ట్రానిక్ సైరన్ వచ్చినప్పుడు దాన్ని చేసినవాళ్ళు కొత్త సౌండ్ వెతకలేదు, జనం అప్పటికే గుర్తుపట్టే పాత సౌండ్‌నే చిప్‌తో అనుకరించారు. అమెరికన్ చిప్ రోటార్‌ని అనుకరించింది, జర్మన్ చిప్ రెండు గొట్టాల్ని అనుకరించింది. అది తప్పని నేను అనను, చాలా తెలివైన పని. సైరన్‌కి విలువ అంతా వినేవాడు అరక్షణంలో గుర్తుపట్టడంలోనే ఉంది, వినేవాడు అంతకుముందు వేలసార్లు విన్నదాన్నే అరక్షణంలో గుర్తుపట్టగలడు. రేపు పొద్దున ఎంత గొప్ప కొత్త సౌండ్ పెట్టినా మొదటి ఏడాది జనం ఇదేంటి అని చుట్టూ చూస్తారే తప్ప బండి పక్కకి తియ్యరు.

ఇక చట్టం. దేశాల మధ్య తేడాని అసలు బిగించేసింది ఇదే అని నా అభిప్రాయం. బ్రిటన్‌లో 1986 నాటి వాహన నిబంధనలు ఎమర్జెన్సీ బండ్లకి గాంగ్, గంట, సైరన్ లేదా రెండు స్వరాల హారన్ ఉండొచ్చు, మిగతావాళ్ళకి ఉండకూడదు అని వరసగా పేర్లు చెబుతాయి, ఎన్ని హెర్ట్జ్ అని చెప్పవు. పేర్లు మాత్రమే చెప్పారు కాబట్టి ఒకదాన్నుంచి ఇంకోదానికి మారడం సులువైపోయింది. జర్మనీ అలా కాదు. బండికి నీలం లైటు ఉంటే వేర్వేరు ఫ్రీక్వెన్సీల స్వరాలు ఒకదాని తర్వాత ఒకటి పలికే హారన్ ఉండి తీరాలని చట్టం అంటుంది, ఆ స్వరాలు ఎలా ఉండాలో డిన్ 14610 అనే స్టాండర్డ్ లెక్కతో సహా చెబుతుంది: కింది స్వరం 360 నుంచి 630 హెర్ట్జ్ మధ్యలో ఉండాలి, పై స్వరం దానికి 1.333 రెట్లు ఉండాలి. సంగీతం తెలిసినవాళ్ళకి ఈ నంబర్ చూడగానే తెలిసిపోతుంది, షడ్జమం నుంచి శుద్ధ మధ్యమం, స-మ.

ఫ్రాన్స్ ఇంకా లోతుకి వెళ్ళింది, నాకు ఈ మొత్తం సబ్జెక్టులో బాగా నచ్చేది ఇదే. అక్కడ పోలీస్, ఫైర్, మెడికల్, జాందార్మరీ అనే మిలిటరీ పోలీసులు, నలుగురి సైరన్లూ 435 హెర్ట్జ్ అనే ఒకే స్వరం మీద నిలబడతాయి, రెండో స్వరం మాత్రం ఎవరిది వాళ్ళదే. ఫైర్ వాళ్ళది 488, పోలీసులది 580, సాము అనే ఎమర్జెన్సీ డాక్టర్ల బండిది 651, జాందార్మరీది 732. ఆ 435ని షడ్జమం అనుకుని పాడుకుని చూడండి. ఫైరింజన్ స-రి, పోలీస్ స-మ, డాక్టర్ల బండి స-ప, జాందార్మరీ స-ధ. రి, ధ రెండూ కర్ణాటక సంగీతంలో చతుశ్రుతి అనే రకం. ప్రజలకి ఇన్ని హెర్ట్జ్ అని తెలియక్కర్లేదు, రెండు స్వరాలూ పక్కపక్కనే ఉంటే ఫైర్, బాగా దూరంగా ఉంటే జాందార్మరీ అని చెవే నేర్చుకుంటుంది. ఇంకోటి, ఫ్రాన్స్ ప్రభుత్వం 1859లో దేశంలో వాద్యాలన్నీ శ్రుతి చేసుకోవడానికి అధికారికంగా ఖాయం చేసిన స్వరం కూడా 435 హెర్ట్జే.

రెండు స్వరాల పద్ధతికి ఇంకో బలం కూడా ఉంది, దాని గురించి పెద్దగా ఎవరూ మాట్లాడరు. సైరన్ మోగే బండి కదులుతూ ఉంటుంది, కాబట్టి దగ్గరికొస్తున్నప్పుడు స్వరం పెరిగినట్టు, దాటిపోయాక తగ్గినట్టు వినిపిస్తుంది, స్కూల్లో చదివిన డాప్లర్ ఎఫెక్ట్ అదే. జపాన్ అంబులెన్స్‌నే తీసుకోండి, దాని రెండు స్వరాలు 960, 770 హెర్ట్జ్. బండి గంటకి 60 కిలోమీటర్ల స్పీడులో మన వైపు వస్తుంటే అవి సుమారు 1010, 810 లాగా వినిపిస్తాయి, దాటి వెళ్ళిపోయాక 915, 734 లాగా. ఏ స్వరమూ అసలు నంబర్‌లో లేదు. కానీ 1010ని 810తో భాగించినా, 915ని 734తో భాగించినా, 960ని 770తో భాగించినా ఇంచుమించు 1.247 వస్తుంది. అంటే శ్రుతి మొత్తం కదిలిపోయినా రెండు స్వరాల మధ్య దూరం మాత్రం కదలదు. చెవి ఎలాగూ స్వరం ఎన్ని హెర్ట్జో గుర్తుపెట్టుకోదు, ఆ దూరాన్నే గుర్తుపెట్టుకుంటుంది, పాటని ఏ శ్రుతిలో పాడినా అదే పాట అని మనకి తెలియడం దానివల్లే. కాబట్టి ఫ్రాన్స్ వాళ్ళు గుర్తింపుని రెండు స్వరాల మధ్య దూరంలో పెట్టడం బండి కదిలినా చెడిపోని పద్ధతి. అమెరికా ఏడుపుకి ఈ గొడవే లేదు, దాని స్వరం ఎప్పుడూ జారుతూనే ఉంటుంది, ఇంకాస్త జారినా తేడా తెలియదు, అక్కడ గుర్తింపంతా జారే పద్ధతిలోనే ఉంది. కాలిఫోర్నియా నిబంధనల్లో వాళ్ళు కొలిచేది కూడా దాన్నే: మెల్లగా జారే వెయిల్ నిమిషానికి 10 నుంచి 30 సార్లు, తొందరగా కొట్టుకునే యెల్ప్ 150 నుంచి 250 సార్లు.

జపాన్ మాట ఎలాగూ వచ్చింది కాబట్టి అక్కడి సంగతి కూడా. 1970కి ముందు అక్కడ అంబులెన్స్ కూడా ఫైరింజన్ లాగే ఊఊ అనేది. ఏది ఏ బండో తెలిసేది కాదు, లోపల పేషెంట్‌కి కూడా ఆ సౌండ్ కష్టమే. 1970లో పీ-పో వచ్చింది, కాస్త మెత్తగా, ఫైర్ సౌండ్‌కి ఏ పోలికా లేకుండా. ఫైరింజన్ మాత్రం తన ఊఊ తను ఉంచుకుని, దానికి తోడు కణ్ కణ్ అనే గంట కూడా ఉంది, ఆ రెండింటితో అక్కడ ఒక చిన్న భాషే నడుస్తుంది. సైరనూ గంటా కలిసి మోగుతుంటే ఎక్కడో నిప్పంటుకుంది, అక్కడికి వెళ్తున్నారు. సైరన్ ఒక్కటే అయితే నిప్పు కాదు, వేరే ఏదో రెస్క్యూ పని. గంట ఒక్కటే వినిపిస్తే పని అయిపోయి తిరిగొస్తున్నారు. ఇంట్లో కూర్చున్న మనిషికి కూడా బయట ఏం జరుగుతోందో తెలుస్తుంది, ఇంత పొందికగా ఆలోచించిన పద్ధతి తక్కువ చోట్ల ఉంటుంది.

ఇప్పుడు అసలు చిక్కుముడి దగ్గరికి వద్దాం, ఆ దేశంలో అప్పటికే వినిపిస్తున్న మిగతా సౌండ్లు. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్‌లో విమాన దాడి హెచ్చరిక అంటే ఎక్కి దిగే సైరన్, ప్రమాదం తప్పింది అంటే ఒకే స్వరంలో నిలకడగా మోగే సైరన్. జర్మనీలో ఈరోజుకి కూడా భవనాల మీద బిగించిన సైరన్ ఒక నిమిషంపాటు ఎక్కి దిగుతూ మోగితే జనానికి ప్రమాద హెచ్చరిక, ఒక నిమిషం నిలకడగా మోగితే ప్రమాదం పోయినట్టు. ఎక్కి దిగే సౌండ్‌కి "లోపలికి వెళ్ళు, దాక్కో" అనే అర్థం ముందే అంటుకుని ఉన్న చోట, అదే సౌండ్‌తో ఒక అంబులెన్స్ వీధుల్లో తిరిగితే పరిస్థితి ఏంటో ఆలోచించండి. అమెరికా నగరాల మీద ఆ యుద్ధంలో అలా బాంబులు పడలేదు, అక్కడ ఎక్కి దిగే సైరన్ వింటే జనానికి ముందుగా గుర్తొచ్చేది ఫైరింజనే. కాబట్టి ఒక సౌండ్ మంచిదా కాదా అని విడిగా అడిగితే అర్థం లేదు, ఆ దేశంలో దాని పక్కన ఇంకా ఏమేం సౌండ్లు ఉన్నాయి అని అడగాలి.

ఈ మాటకి రెండు బ్రహ్మాండమైన సాక్ష్యాలు ఉన్నాయి. జర్మనీ పోలీసులు 2012 ప్రాంతం నుంచి అమెరికా కుయ్ కుయ్ సౌండ్‌ని, అంటే యెల్ప్‌ని, వాడటం మొదలుపెట్టారు, కానీ దారి ఇమ్మని చెప్పడానికి కాదు, ముందు వెళ్తున్న బండిని "నువ్వు ఆగు" అని ఆపడానికి. అటు కాలిఫోర్నియాలో అడవి మంటలు వరసగా ఊళ్ళని తగలబెడుతుంటే, ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోండి అని ఒకేసారి అందరికీ చెప్పడానికి ఒక సౌండ్ కావాల్సొచ్చింది. వాళ్ళు ఎంచుకున్నది యూరప్ తరహా రెండు స్వరాల హై-లో. 2020లో చట్టం చేసి మరీ ఆ సౌండ్‌ని అందుకు వాడుకునేలా చేశారు. ఇప్పుడు రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. అమెరికాలో దారి ఇవ్వండి అనే సౌండ్ జర్మనీలో ఆగు అయ్యింది, జర్మనీలో దారి ఇవ్వండి అనే సౌండ్ కాలిఫోర్నియాలో ఊరు ఖాళీ చెయ్యండి అయ్యింది. రెండుచోట్లా ఎంచుకోడానికి కారణం ఒకటే, ఆ సౌండ్ అక్కడ రోజూ వినిపించేది కాదు కాబట్టి కొత్త అర్థం ఇవ్వడానికి ఖాళీగా దొరికింది. సౌండ్‌లో పుట్టుకతో ఏ అర్థమూ ఉండదు అనడానికి ఇంతకంటే ఏం కావాలి.

అలాగని ఏ సౌండైనా పనికొస్తుందని కాదు. మనిషి చెవికి బాగా పదునుండేది 2,000 నుంచి 4,000 హెర్ట్జ్ మధ్యలో, కానీ అంత పై స్వరాలు కారు అద్దాల దగ్గరే ఎక్కువ ఆగిపోతాయి, గోడైనా అద్దమైనా పై ఫ్రీక్వెన్సీలని ఎక్కువ ఆపి కింది ఫ్రీక్వెన్సీలని ఎక్కువ లోపలికి వదులుతుంది. అందుకే ఎలక్ట్రానిక్ సైరన్లు ఎక్కువగా 500 నుంచి 1,800 దాకా తిరుగుతుంటాయి, చెవికీ అద్దానికీ మధ్య రాజీ అది. గాలి హారన్ల అసలు స్వరం కింద ఉన్నా వాటితోపాటు వచ్చే అనుస్వరాలు పైదాకా వెళ్తాయి, కాబట్టి అవీ ఇదే మేరలో పనిచేస్తాయి. ఈ మేర దాటి ఏ దేశమూ పెద్దగా బయటికి పోలేదు. మనకి కనిపించే తేడాలన్నీ ఈ కాస్త జాగా లోపలే.

అసలు సైరన్ ఎంత బలహీనమైన పరికరమో లెక్క వేస్తే భయమేస్తుంది. 3 మీటర్ల దూరంలో 120 డెసిబెల్స్ అంటే చెవులు చిల్లులు పడే సౌండ్, దూరం రెట్టింపు అయినప్పుడల్లా 6 డెసిబెల్స్ పోతుంది, కాబట్టి 30 మీటర్ల దగ్గర 100, 60 మీటర్ల దగ్గర 94. అద్దాలన్నీ ఎత్తేసిన కారు ఒక 30 డెసిబెల్స్ తినేస్తుంది అనుకుంటే లోపల కూర్చున్నవాడికి 60 మీటర్ల దూరం నుంచి చేరేది 64, అంటే ఇంచుమించు ఇద్దరు మనుషులు మాట్లాడుకునే సౌండ్. అందులో పాటలు, ఏసీ, ఇంజన్. గంటకి 60 స్పీడులో వచ్చే అంబులెన్స్ ఆ 60 మీటర్లని నాలుగు సెకన్లు కాకముందే దాటేస్తుంది. సైరన్ పెట్టుకుని హారన్ కొడుతున్నా ముందు కారువాడు కదలడం లేదంటే చాలాసార్లు వాడికి నిజంగానే వినపడటం లేదు, అది మొండితనం అనుకుని తిట్టుకునేముందు ఈ లెక్క గుర్తుచేసుకోవాలి. ఈ ఇబ్బంది కోసమే అమెరికాలో 2007 ప్రాంతంలో రంబ్లర్ అని ఒకటి వచ్చింది, మామూలు సైరన్‌తోపాటు 180 నుంచి 400 హెర్ట్జ్ దాకా కింది స్వరాలని కూడా పంపి, చెవికి వినపడకపోయినా సీటులో, స్టీరింగ్‌లో అదురు తెలిసేలా చేస్తుంది.

వినపడ్డాక ఇంకో కష్టం, ఎటు నుంచి? రెండు చెవులకీ సౌండ్ చేరే టైములో తేడాని బట్టి మెదడు దిక్కు కనిపెడుతుంది, ఆ తేడా ఎంత ఎక్కువైనా ఒక మిల్లీసెకను కూడా ఉండదు, సెకనులో వెయ్యో వంతులో ముప్పావు భాగం లోపే. ఈ పద్ధతి కింది స్వరాలకి బాగా పనిచేస్తుంది, బాగా పై స్వరాలకి మన తలే అడ్డంగా నిలబడి ఒక చెవికి సౌండ్ తగ్గిస్తుంది కాబట్టి అది వేరే ఆధారం. ఈ రెండూ సరిగ్గా పనిచెయ్యని మధ్య ప్రాంతం 1,000 నుంచి 3,000 హెర్ట్జ్ దాకా, ఎలక్ట్రానిక్ సైరన్ల స్వరాల్లో పై భాగం వెళ్ళి కూర్చున్నది అక్కడే. సైరన్ విని కంగారుగా అన్ని అద్దాల్లోకీ చూడటం అందుకే. లీడ్స్ యూనివర్సిటీలో డెబొరా వితింగ్టన్ 1990ల్లో దీని మీద పనిచేసి, సైరన్ స్వరాల మధ్యలో అన్ని ఫ్రీక్వెన్సీలూ కలిసిన బుస్సుమనే సౌండ్ కలిపితే దిక్కు చాలా తేలిగ్గా తెలుస్తుందని చూపించారు. బ్రిటన్‌లో కొన్ని ఎమర్జెన్సీ బండ్లకి అలాంటివి బిగించారు కూడా. ఇది ఏ దేశానికైనా పనికొచ్చే మార్పు, స్వరాలు మార్చక్కర్లేదు, ఉన్న సౌండ్ మధ్యలో బుస్సు కలిపితే చాలు, అయినా అన్నిచోట్లా ఎందుకు రాలేదంటే మళ్ళీ పాత కథే, ఎవరి నిబంధనలు వాళ్ళవి.

సౌండ్ మార్చాలి అనే గొడవ అప్పుడప్పుడూ పైకి వస్తూనే ఉంటుంది. న్యూయార్క్‌లో సైరన్ల గోల భరించలేక యూరప్ తరహా హై-లోకి మారదామని 2019లో సిటీ కౌన్సిల్‌లో ప్రతిపాదన వచ్చింది. ఇండియాలో 2021లో అప్పటి రవాణా మంత్రి నితిన్ గడ్కరీ అంబులెన్స్, పోలీస్ సైరన్ల స్థానంలో ఆకాశవాణి సిగ్నేచర్ ట్యూన్ లాంటి వినసొంపైనది పెడితే బాగుంటుందని అన్నారు. ఇండియాలో నిబంధన కూడా వేరే రకం, 1989 మోటారు వాహన నిబంధనల్లో 119వ రూల్ మామూలు బండ్లకి పలు స్వరాల హారన్లు వద్దంటుంది, అంబులెన్స్, ఫైర్, పోలీస్ లాంటివాటికి మినహాయింపు ఇస్తూ అక్కడి రిజిస్ట్రేషన్ అధికారి ఆమోదించిన సౌండ్ వాడుకోమంటుంది. ఆ రూల్ ఏ స్వరమో చెప్పదు, నిర్ణయం అధికారికి వదిలేస్తుంది, కాబట్టి ఒకే రోడ్డు మీద రెండు అంబులెన్సులు రెండు రకాలుగా మోగడం వింతేం కాదు. వినసొంపు సంగతికి వస్తే, ఆ ఆలోచన వెనక ఉన్న బాధ నాకు అర్థమవుతుంది, శబ్ద కాలుష్యం నిజమైన సమస్య, అందులో అనుమానం లేదు. కానీ నేను ఒప్పుకోలేకపోతున్నది ఒకటుంది. రాగం అంటే మనసుని నిదానింపజేసేది, కాసేపు విన్నాక గానీ ఏ పాటో తెలియదు, రోడ్డు మీద మిగతా బండ్లలో మోగే పాటలతో కలిసిపోతుంది కూడా. సైరన్‌కి ఉన్న టైమ్ నాలుగు సెకన్లు. దాని కరుకుదనం తగ్గించాలంటే జపాన్ చేసినట్టు రెండు స్వరాలని మెత్తగా ఎంచుకోవడం, జర్మనీ, ఫ్రాన్స్ చేసినట్టు ఏ స్వరమో ఖచ్చితంగా రాసిపెట్టడం మెరుగైన దారి అనిపిస్తుంది.

మరి ప్రపంచం మొత్తానికి ఒకే సైరన్ పెట్టేస్తే? ట్రాఫిక్ మీద దేశాల మధ్య ఉన్న 1968 వియన్నా ఒప్పందం ఎమర్జెన్సీ బండి తన లైటుతో, సౌండ్‌తో హెచ్చరించినప్పుడు అందరూ దారి ఇవ్వాలని చెబుతుంది, అవసరమైతే ఆగాలని కూడా చెబుతుంది, ఆ సౌండ్ ఏ స్వరంలో ఉండాలో మాత్రం చెప్పదు. స్టాప్ బోర్డు ఎలా ఉండాలో అదే ఏడాది వియన్నాలోనే బోర్డుల మీద చేసుకున్న ఇంకో ఒప్పందం చెబుతుంది, సైరన్‌కి అలాంటిది రాలేదు. బోర్డు వేరే దేశం నుంచి వచ్చిన డ్రైవర్ కూడా చదవాలి, సైరన్ వినేవాళ్ళలో ఎక్కువమంది ఆ ఊరివాళ్ళే ఉంటారు. పైగా కొత్తగా వచ్చినవాడు కూడా మెరిసే లైటు, చుట్టూ పక్కకి తప్పుకుంటున్న బండ్లు చూసి అర్థం చేసుకుంటాడు. ఒకే సౌండ్ కోసం కోట్లమంది చెవులకి అలవాటైనదాన్ని తీసేస్తే, కొత్తది అలవాటయ్యేలోపు జరిగే ఆలస్యాలకి ఎవరో ఒకరి ప్రాణం మీదకి వస్తుంది, ఏ ప్రభుత్వమూ ఆ రిస్క్ ఊరికే తీసుకోదు.

మార్పు ఇంకో వైపు నుంచి రావొచ్చు. స్వీడన్‌లో కేటీహెచ్ యూనివర్సిటీ స్టూడెంట్స్ తయారుచేసిన ఒక సిస్టమ్‌ని 2017లో స్టాక్‌హోమ్‌లో అంబులెన్సుల మీద పరీక్షించారు. అంబులెన్స్ నుంచి ఎఫ్ఎం సిగ్నల్ వెళ్తుంది, ముందున్న కార్లలో మోగుతున్న పాట ఆగిపోయి, అంబులెన్స్ వస్తోంది అని మాటల్లో వినిపిస్తుంది, రేడియో స్క్రీన్ మీద కూడా కనిపిస్తుంది. అద్దం తినేసే 30 డెసిబెల్స్ గొడవ దీంతో పోతుంది. అయితే నడిచివెళ్ళేవాళ్ళకీ, సైకిల్ మీద వెళ్ళేవాళ్ళకీ, రేడియో ఆపేసుకున్న డ్రైవర్‌కీ ఇది చేరదు, కాబట్టి బయట స్పీకర్ కూడా ఉండాల్సిందే, అందులో స్వరాలు మళ్ళీ ఆ దేశానివే.